శుక్రవారం కోడికూర తిన్న వంటమ్మ

విభూది బుధవారం మర్నాడు పొద్దున, నర్మెట్ట దగ్గర మా బడిలో పిల్లల్ని ప్రార్థనకు వరసలో నిలబెడుతుండగా ఫోన్ మోగింది. మరిపెడ నుంచి వంటమ్మ కోడలు. "అక్కా, అత్తమ్మ పోయింది" అన్నది. ఏడుస్తూనే చెప్పింది. "నిన్న గుడికి పోయి మంచిగనే వచ్చింది. పొద్దుగాల నేను మరిచిపోయి చాయ్ ఇయ్యబోయిన. నలభై రోజులు వద్దన్న గదా, యాదికి లేదా అని నన్ను కసిరింది. గట్లనే గోడకు ఒరిగింది. గ్లాసు నా చేతిలనే ఉన్నది అక్కా."

నాకు ఏడుపు కంటే ముందు నవ్వొచ్చింది. పిల్లలు చూస్తారని ముఖం తిప్పుకున్నాను. చాయ్ వద్దని కసరడమే ఆమె ఆఖరి మాట అంటే, ఆమె ఎట్లా బతికిందో అట్లాగే పోయిందన్నమాట. ప్రార్థన అయ్యాక హెడ్మాస్టర్‌కు చెప్పి, జనగామ వెళ్లి బస్సెక్కాను. తొర్రూరులో బస్సు మారేటప్పుడు గానీ ఏడుపు రాలేదు. వచ్చాక మరిపెడ దాకా ఆగలేదు.

మరిపెడలో నేను చదువుకున్న ఆడపిల్లల హాస్టల్‌లో ఆమె వంట చేసేది. ఆమెకు ఒక పేరుండేది, జీతాల రిజిస్టర్‌లో రాసి కూడా ఉండేది. మాకు మాత్రం ఆమె వంటమ్మ. మాది మరిపెడకు కాస్త దూరంలో ఒక లంబాడి తండా. ఇంట్లో మా భాష, బడిలో తెలుగు. ఆరో తరగతిలో హాస్టల్‌కు వచ్చిన కొత్తలో ఈ రెండింటి మధ్య నా నోరు పెగిలేది కాదు. అన్నం ఇంకొంచెం కావాలని అడగడానికి కూడా మాట వెతుక్కునేదాన్ని. వంటమ్మ నా పళ్లెం చూసేది, నా మొహం చూసేది, ఇంకో గంటెడు వేసి ముందుకు నెట్టేది. ఆమెతో నాకు తెలుగు అవసరం పడలేదు.

విభూది బుధవారం మొదలు ఈస్టర్ దాకా ఉండే నలభై రోజులు క్రైస్తవులకు తపస్సు కాలమని, ఉపవాసం, ప్రార్థన, లేనివాళ్లకు పెట్టడం ఆ రోజుల నియమమని నాకు చాలా తర్వాత తెలిసింది. మాకు అప్పుడు తెలిసిందల్లా అది వంటమ్మ చాయ్ మానేసే కాలమని. మామూలు రోజుల్లో పొయ్యి మీద ఒక మూల ఆమె చాయ్ గిన్నె ఉడుకుతూనే ఉండేది. ఆ నలభై రోజులు గిన్నె బోర్లించి పెట్టేది. దాంతో ఆమెకు తలనొప్పి, మాకు తిట్లు. బగోన గిన్నెలు ఎత్తి పడేసే చప్పుడు విని బయటే తెలిసిపోయేది, ఇవాళ కూరలో ఉప్పు తక్కువైందని అనకూడదని. ఒకసారి పదో తరగతి అక్క ఒకామె, "దేవుని కోసం చాయ్ ఇడ్సిపెట్టింది, కోపం మాత్రం మనకోసం ఉంచుకున్నది" అన్నది. వంటమ్మ వెనకే ఉంది. మళ్లీ తిట్లేననుకున్నాం. ఆమె మాత్రం, "నిజమే బిడ్డా. చాయ్ ఇడ్సుడు అల్కగనే ఉన్నది. గిదే వశమైతలేదు" అన్నది. ఆ రోజు సాయంత్రం దాకా ఎవరినీ తిట్టలేదు. మర్నాడు మళ్లీ మొదలు.

నేను చేసిన మొదటి ఘనకార్యం ఆ ఆరో తరగతిలోనే. ఒక బుధవారం పొద్దున ఆమె గుడి నుంచి నేరుగా వంటకు వచ్చింది. ఉప్మా వడ్డిస్తూ నా ముందు వంగింది. నుదుటి మీద నల్లగా మసి. కట్టెల పొయ్యి దగ్గర పనిచేసే మనిషికి మసి అంటక ఏమంటుంది? మా యాడికి, అంటే అమ్మకు, ఇంట్లో నేనే కొంగుతో మొహం తుడిచేదాన్ని. ఆ అలవాటే చేతికి వచ్చింది. నా తువ్వాల అంచు నీళ్లలో ముంచి వంటమ్మ నుదురు శుభ్రంగా తుడిచేశాను. వరసలో ఉన్న ఒక క్రైస్తవ పిల్ల గుండె మీద చెయ్యేసుకుని, "అయ్యో, గది ఫాదర్ పెట్టిన విభూది. ఏడాదికి ఒక్కపారే పెడ్తరు" అన్నది. పోయిన ఏడాది ఈస్టర్‌కు ముందటి మట్టల ఆదివారం నాడు ఇళ్లకు తెచ్చుకున్న ఈత మట్టలను కాల్చి, ఆ బూడిదతో నుదుట సిలువ గుర్తు పెడతారట. అది దానంతట అది పోయేదాకా వంటమ్మ మొహం మీద సబ్బు కూడా తగలనిచ్చేది కాదట.

నేను ఏడుపు మొదలుపెట్టాను. హాస్టల్ నుంచి పంపించేస్తారనుకున్నాను. వంటమ్మ నుదురు తడుముకుని, నా తువ్వాల మీది నల్లటి మరక చూసి నవ్వింది. "ఏడ్వకు బిడ్డా. ఫాదర్ పావురంతోనే పెట్టిండు, నువ్వు పావురంతోనే తుడిసినవ్. దేవునికి నేనే చెప్పుకుంట" అన్నది. తర్వాత నా పళ్లెంలో ఇంకొంచెం ఉప్మా వేసింది. పావురం అంటే ప్రేమ అని ఆ రోజు నేర్చుకున్నాను. తెలుగులో నాకు బాగా అర్థమైన మొదటి మాట అదే కావచ్చు.

ఆ తపస్సు కాలంలో శుక్రవారాలు ఆమె మధ్యాహ్నం తినేది కాదు. ఆ రోజు మాంసం అసలే ముట్టదు. తన వంతు అన్నం, పప్పు టిఫిన్‌లో పెట్టుకుని దవాఖానకు పోయి, తోడెవరూ లేని రోగి పక్కన కూర్చుని తినిపించి వచ్చేది. ఒకటి రెండుసార్లు టిఫిన్ పట్టుకుని నేనూ వెంట పోయాను. "ఒక్కపొద్దంటె కడుపు మాడ్సుకునుడు కాదు. నా బుక్క ఇంకొకరి కడుపుల పడాలె. లేకుంటె దేవునికి నా ఆకలెందుకు?" అనేది. ప్రసంగంలా ఎప్పుడూ చెప్పలేదు. నడుస్తూ, చెప్పులో దిగిన ముల్లు తీసుకుంటూ, అట్లా చెప్పేది.

ఏడో తరగతి చలికాలంలో మా యాడి పచ్చకామెర్లతో పోయింది. కర్మలకు ఇంటికి వెళ్లినదాన్ని మళ్లీ హాస్టల్‌కు పోలేదు. తమ్ముడికి నాలుగేళ్లు. బా, అంటే మా నాన్న, పొద్దున మిర్చి చేనుకు పోతే పొద్దుగూకి వచ్చేవాడు. రొట్టెలు నేనే చేసేదాన్ని, నీళ్లు నేనే తెచ్చేదాన్ని. చదువు ఆపెయ్యమని ఎవరూ అనలేదు. అసలు చదువు మాటే ఎవరూ ఎత్తలేదు. పరీక్షలు నెలన్నర ఉన్నాయని నాకు తెలుసు. పుస్తకాల సంచీ దూలానికి వేలాడుతుండేది. దాని వైపు చూడకుండా ఇల్లూడ్చేదాన్ని.

అప్పుడు, తపస్సు కాలంలోనే ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఎండలో, తలకు కొంగు చుట్టుకుని వంటమ్మ మా గుడిసె ముందు నిలబడింది. బస్సు రోడ్డు మీద దిగి నడిచి వచ్చింది. తండాలో ఒకరిద్దరు "పిల్లను వాళ్ల మతంల కలుపుకోను వచ్చినట్టుంది" అని గొణిగారు. బా వాళ్ల మాట పట్టించుకోలేదు. బిడ్డకు అన్నం పెట్టిన మనిషి ఇంటికి వచ్చింది. పట్టె మంచం వేసి కూర్చోబెట్టి, ఇంట్లో ఉన్న ఒకే ఒక కోడిని, గుడ్లు పెట్టే కోడిని, కోసేశాడు.

నాకు చెప్పే ధైర్యం లేకపోయింది. శుక్రవారమని, ఆమె ముట్టదని బాకు తెలియదు. కూర ఉడుకుతున్నంతసేపూ పొయ్యికీ మంచానికీ మధ్య తిరిగాను. చివరికి ఆమె పక్కకు వెళ్లి చెవిలో, "వంటమ్మా, ఇయ్యాల శుక్రారం" అన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కింది. పళ్లెం ముందు పెట్టగానే కళ్లు మూసుకుని ఒక నిమిషం ఏదో అనుకున్నది. తర్వాత తినడం మొదలుపెట్టింది. "మంచిగ అయింది తమ్మీ, ఇంకో ముక్క వెయ్యి" అని బాను అడిగి మరీ వేయించుకున్నది. మా యాడి పోయాక బా మొహంలో నవ్వు చూడటం నాకు అదే మొదటిసారి.

చేతులు కడుక్కున్నాకే ఆమె అసలు సంగతి ఎత్తింది. "పిల్లకు పరీచ్చలున్నయి తమ్మీ. ఎన్నడు తోలిస్తవు?"

బా తల దించుకున్నాడు. "నాకు పంపబుద్ధి లేక కాదక్కా. ఆడిది లేని ఇల్లు. చిన్నోడున్నడు. గింత రొట్టె ఎవరు జెయ్యాలె?"

"నీ చేతులకేమైంది?"

"మొగోణ్ణి, నాకేమొస్తది?"

"రాకుంటె నేర్సుకో. జొన్నపిండి ఏడ పెట్టినవ్?"

ఆమె పొయ్యి ముందు చతికిలబడింది. బాను పక్కన కూర్చోబెట్టింది. మసిలే నీళ్లు పిండిలో పోయించి, చెయ్యి కాలుతుందంటే కాలనియ్యమన్నది. మొదటి రొట్టె చేతిలోనే విరిగింది. రెండోది పెంక మీద వెయ్యబోతే పొయ్యిలో పడింది. గుమ్మంలో నిలబడి తండా పిల్లలంతా నవ్వుతున్నారు, తమ్ముడు వాళ్లకంటే ఎక్కువ నవ్వుతున్నాడు. అయిదోదో ఆరోదో రొట్టె లాగే వచ్చింది. వంటమ్మ దాన్ని తుంచి తమ్ముడి నోట్లో పెట్టి, "ఎట్లున్నది రా?" అంది. వాడు ఇంకొంచెం కావాలని చెయ్యి చాపాడు. బా కాలిన అరచేతులు చూసుకుంటూ, "సోమవారం నేనే తోలుకొస్త అక్కా" అన్నాడు. నా బతుకు తిరిగిన మలుపు అదే. ఒక్క రొట్టె అటో ఇటో అయితే నేను ఇవాళ ఇట్లా రాస్తూ ఉండేదాన్ని కాదు.

రోడ్డు దాకా సాగనంపడానికి వెళ్లి అడిగాను, "నీకు పాపం కాదా?" అని. ఆమె కొంగుతో చెమట తుడుచుకుంటూ నడిచింది. "ఇంట్ల ఉన్న ఒక్క కోడిని కోసిండు మీ నాయిన. దుఃఖంల ఉన్న మనిషి. నేను వద్దంటె ఆయన మనసు ఎంత చిన్నగైతుండె? నా ఉపాసం రేపుంటా. ఆయన మనసు రేపటిదాక ఆగుతదా?" అన్నది. శనివారం పచ్చి మంచినీళ్ల మీద ఉన్నదని తర్వాత హాస్టల్ పిల్లలు చెప్పారు. గుడిలో ఫాదర్‌తో కూడా చెప్పుకున్నదట. ఏమన్నాడని అడిగితే, "నవ్విండు. కూర ఎట్లున్నదని అడిగిండు" అన్నది.

నేను హాస్టల్‌కు తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున వంటింటి బయట మొహం కడుక్కుంటున్నాను. ఆ నలభై రోజులు పొయ్యి ముట్టించేటప్పుడు ఆమె పోయినవాళ్ల పేర్లు పైకి అనుకునేది. ఒక్కో పుల్ల పెడుతూ ఒక్కో పేరు. తల్లి పేరు, భర్త పేరు, ఎప్పుడో పాపగా పోయిన కూతురి పేరు. ఆ రోజు చివర్లో మా యాడి పేరు వినిపించింది. మా ఇంట్లో రెండు నెలలుగా ఆ పేరు ఎవరూ పలకలేదు, పలికితే ఏడుపొస్తుందని. వంటమ్మ బాను అడిగి తెలుసుకుని ఉంటుంది. చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరం మంట చూస్తూ కూర్చున్నాం. నన్ను ఎన్నడూ మోకరించమనలేదు, గుడికి రమ్మనలేదు. మా ఇంట్లో ఇప్పటికీ లంబాడీల తీజ్ పండుగే. కానీ ఏటా ఆ నలభై రోజులు స్టవ్ వెలిగించగానే నేను కూడా యాడి పేరు అనుకుంటాను. ఇప్పుడు ఇంకో పేరు చేరింది.

టీచర్‌నయ్యాక, ఏ పిల్లయినా నాలుగు రోజులు బడికి రాకపోతే వాళ్లింటికి వెళ్తాను. ఏం పెట్టినా ముందు తింటాను. మాట తర్వాత. ఇందులో నా గొప్పేమీ లేదు, చూసి నేర్చుకున్నదే.

శుక్రవారం సంగతి బాకు నేను పదో తరగతి పాసయ్యాక గానీ చెప్పలేదు. "గప్పుడే చెప్పొద్దా, ఎంత పని జేసినవే" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ప్రతి తపస్సు కాలంలో ఒక శుక్రవారం, తన చేత్తో చేసిన జొన్నరొట్టెలు మూట కట్టి వంటమ్మకు చేర్చేవాడు. ఆమె సగం దవాఖానకు పంపి, సగం ఉంచుకునేది. "నా శిష్యుడు నాకంటె మంచిగ జేస్తుండు" అనేది.

వంటమ్మ కొడుకు భూపాలపల్లి గనిలో పనిచేస్తాడు. అతను వచ్చేసరికి గురువారం పొద్దుపోయింది, అందుకని శుక్రవారం మధ్యాహ్నం మట్టి చెయ్యాలనుకున్నారు. పొద్దున బా ఫోన్ చేశాడు. "ఇయ్యాల శుక్రారమే గదా? వచ్చినోళ్లకు రొట్టెలు తెస్త. మాంసం వద్దు గదా?" అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. డెబ్బై దాటినవాడు, ఆటోలో వచ్చాడు. మూట విప్పి, రొట్టెలు గంపలో ఆడవాళ్లకు సర్ది ఇచ్చాడు. ఆ చేతులతోనే శవపేటిక దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

స్నానం చేయించేటప్పుడు కోడలు నుదురు మాత్రం తడపకుండా వదిలేసింది. బుధవారం నాటి సిలువ కొంచెం చెరిగి, నల్లటి గీతలా మిగిలింది. బాకు కళ్లు సరిగా ఆనవు. వంగి చూశాడు. "పొయ్యి కాడి మసి. ఎవ్వలు తుడువలేదేంది?" అని మా భాషలో గొణిగి, భుజం మీది తువ్వాల అంచు తీశాడు.

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. "ఉండనియ్యి బా. అది మసి కాదు."

నా మొహం చూశాడు. తువ్వాల వదిలేసి, వట్టి వేళ్లతో ఆమె నుదురు ఒకసారి తాకి, వెనక్కి జరిగాడు. నల్లటి గీత పక్కన తెల్లగా జొన్నపిండి అంటింది. పెట్టె మూసేదాకా ఆ రెండూ అక్కడే ఉన్నాయి. ఎవరమూ తుడవలేదు.