మిగులు కరెంటుకు మా కర్రి ఆవు

నా చిన్నప్పుడు మా ఇంట తెల్లవారడమంటే రాట్నం తిరగడమే. మందస దగ్గరి ఉద్దానపు పల్లె మాది. కొబ్బరి పీచుతో తాళ్లు పేనడం ఇంటిల్లిపాదికీ పని. మా నాయనమ్మ ఒడినిండా పీచు నింపుకొని, రాట్నపు కొక్కేలకు రెండు పోగులు తగిలించి, రెండు చేతులా పీచు అందిస్తూ వెనక్కి నడిచేది. ఈ కొసన కూర్చుని పిడి తిప్పడం నా వంతు. అనుకున్నన్ని తాళ్లు పూర్తయితే గాని బడికి కదలడానికి వీలులేదు. అందుచేత నిత్యం ప్రార్థన ముగిశాకే చేరుకొని గుమ్మం బయట నిలబడేదాన్ని. వేళ తప్పడం ఆ వయసులోనే నాకు అవమానంగా తోచేది.

అటువంటి రోజుల్లో మా చిన్నాన్న పలాస వెళ్లి ఒక వింత చూసి వచ్చాడు. పాత సామాన్ల వ్యాపారి ఒకడు బల్లమీద మోటారునూ డైనమోనూ పట్టీతో జతచేసి, బయటినుంచి ఏ తీగా లేకుండా తిప్పి చూపించాడట. పైగా ఒక బల్బు కూడా వెలిగిందట. మా ఊరికి అప్పటికింకా కరెంటు రాలేదు. ఆ జతకు బదులు మా కర్రి ఆవును ఇచ్చేందుకు చిన్నాన్న మాట ఇచ్చేశాడు. ఆదివారం తోలుకెళ్లాలి. ఇంట్లో పాలిచ్చేది ఆ ఒక్క ఆవే. అయినా నిజం దాచడమెందుకు, నేను చిన్నాన్న పక్షమే. మోటారు వస్తే రాట్నం అదే తిప్పుతుంది, నేను వేళకు బడికి వెళ్తాను.

శనివారం ఉదయం చిన్నాన్న తల్లికి సంగతంతా వివరించాడు. "ఒక్కసారి తోసి వదిలేత్తే సాలమ్మా. మోటారు డైనమోని తిప్పుతాది, డైనమో మోటారుకి కరెంటిత్తాది. మిగిలిందాంతో మన రాట్నం."

"మిగలడానికి అదేటి, పెళ్లోరింట్లో అన్నమా?" అంది నాయనమ్మ. కోపగించుకోలేదు. మూలనున్న పాత చిన్న రాట్నాన్ని కూడా వాకిట్లోకి తెప్పించింది. పెద్దది మోటారు, చిన్నది డైనమో అనుకొని రెంటినీ తాడుతో కలపమంది. ఒక్క తోపుతో ఆగకుండా తిరిగితే ఆవును పలాస దాకా తానే తోలుకెళ్తానంది.

చిన్నాన్న ఇరుసులకు కొబ్బరినూనె పట్టించి, పంచె ఎగగట్టి, పెద్ద రాట్నాన్ని బలంకొద్దీ తోశాడు. చిన్న రాట్నం గిర్రున తిరిగింది. "సూసినావా, పెద్దదానికన్నా సిన్నది ఎంత జోరుగా తిరుగుతందో. ఎక్కువొచ్చినట్టా, కాదా?" అన్నాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

"జోరు సరే, దానికి పని సెప్పు," అంటూ నాయనమ్మ చిన్న రాట్నపు కొక్కేనికి పీచు తగిలించి రెండడుగులు వెనక్కి వేసింది. రెండు రాట్నాలూ ఒక్కసారిగా నిలిచిపోయాయి. చిన్నాన్న మళ్లీ నూనె పోశాడు, మళ్లీ తోశాడు. పీచు తగిలిస్తే వెంటనే, తగిలించకపోతే కాసేపటికి, ఆగడం మాత్రం తప్పలేదు. ఆఖరుకు ఇరుసు ముట్టుకొని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వెచ్చగా ఉంది. "నువ్వు తోసిన తోపులో కొంత అక్కడ కూకుంది," అంది నాయనమ్మ.

అప్పటికి గోడ అవతల చేరిన పక్కింటాయన, చిన్నాన్నకు వరసకు బావ, ఊరుకోలేదు. "ఏటి బావా, ఆవు బతికినాది గానీ నీ కరెంటు సచ్చిపోనాది." చిన్నాన్న పీచుకుప్ప మీద వెల్లకిలా పడి మా అందరికన్నా ఎక్కువగా నవ్వాడు. మర్నాడు బేరం వద్దని చెప్పడానికి ఒట్టి చేతులతో పలాస వెళ్లి, బల్ల కింది గోనెపట్టా ఎత్తి చూశాడట. బ్యాటరీ కూర్చుని ఉంది.

శనివారం ఆ నవ్వుల మధ్య నాకు మాత్రం, ఇక రాట్నం నేనే తిప్పాలని ఏడుపు వచ్చింది. నాయనమ్మ నన్ను పెద్ద రాట్నం దగ్గర కూర్చోబెట్టి, ముందు ఉత్త కొక్కేలతోను, తరువాత రెండు పోగులతోను తిప్పించింది. "సెయ్యి ఏటి సెప్తంది, పిల్లా?" బరువెక్కిందన్నాను. "అవతల తాడు పుట్టినంతా ఇవతల నీ సేతిలోంచే ఎల్తంది. నువ్వు ఇయ్యందే అది ఇయ్యదు." ఆ మాట వింటూ నిలబడ్డ చిన్నాన్న నన్ను లేపి పిడి తాను పట్టుకున్నాడు. సోమవారం నేను ప్రార్థనలో మొదటి వరసలో నిలుచున్నాను.

తరువాత కళాశాలలో చేతితో తిప్పే డైనమో ఇచ్చారు. బల్బు తీగ విప్పి ఉన్నంతసేపూ పిడి తేలిక. తీగ తగిలించగానే అదే బరువు. డైనమో ఎంత కరెంటు ఇస్తే దాని ఇరుసు అంత మొరాయిస్తుంది. మోటారుకు అందినదానిలో కొంత తీగచుట్టల వేడికీ, ఇరుసుల రాపిడికీ పోతుంది. ఏమీ పోదనుకున్నా, ఇచ్చినంతే తిరిగి వస్తుంది, మిగులు ఉండదు. పుస్తకం ఈ సూత్రాన్ని చక్కగా రాసింది, కాని నా అరచేయి దాన్ని ముందే చదివేసింది.

ఇప్పుడు మనుమలు ఫోనులో తమంత తామే తిరిగే యంత్రాలను చూపిస్తే బల్ల కింద ఏముందని అడుగుతాను, వాళ్లు నవ్వుతారు. నాకు ఏ పని అయినా సులువుగా జరిగిపోయిన రోజున, ఆ బరువు ఏ చేతిలోకి వెళ్లిందో వెతికి, ఆ మనిషిని పలకరించి గాని నిద్రపోను.