శాలువా కప్పకపోతే ఇజ్జత్ పోతదట!

సోలాపూర్ కుంఠా నాకా దగ్గర మేం కట్టుకున్న రెండు గదుల ఇంటికి ఈమధ్యే గృహప్రవేశం చేశాం. అలాంటప్పుడు వచ్చిన పెద్దలకు ఏదో ఒక బట్ట పెట్టడం మా ఆనవాయితీ. మా ఆయన మరమగ్గం మీద టవళ్లు నేస్తారు. అవే పెడదామనుకున్నాం.

మా ఆడబిడ్డ మాత్రం వారం ముందు నుంచీ ఒకటే నస. "కొంతం చౌక్‌కు పోయి మంచి శాలువలు తే. నలుగుర్ల ఇజ్జత్ పోతది!" వద్దని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

పూజ అయ్యాక నేను మొదటి టవల్ తీయగానే, చుట్టాలందరి ముందూ చేతిలోంచి లాక్కుంది.

"తానం జేసి తుడుసుకునేది పెడ్తవా? శరం లేదా నీకు?"

తల కొట్టేసినట్టయింది. మా ఆయనేమో గోడకేసి చూస్తున్నారు! నాకు ఒళ్లు మండింది.

"ఆ శాలువా ఏం జేస్తరు వదినా? మడతబెట్టి ఇంకో పెండ్లిల ఇంకొకలకు కప్పుతరు. ఇది నీ తమ్ముడు నేసిండు. దీనికెందుకు శరం?"

టవల్ తిరిగి తీసుకుని అందరికీ పెట్టాను. ఆమెకూ పెట్టాను. మూతి ముడుచుకునే తీసుకుంది.

తర్వాతి ఆదివారం వాళ్లింటికి వెళ్తే, తలస్నానం చేసి జుట్టుకు మా టవలే చుట్టుకుని వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నీళ్లు మంచిగ గుంజుతున్నదా వదినా?" అని మాత్రం అడిగాను.

ఇజ్జత్ మాట ఇద్దరం ఎత్తలేదు.