అందరికీ ఫైవ్ నైన్

మా హామ్ రేడియో క్లబ్బు చరిత్ర రాయమని నన్ను బతిమాలినవాళ్లే ఇప్పుడు వద్దంటున్నారు. అందుకే రాస్తున్నాను.

క్లబ్బు పుట్టింది పంజాగుట్టలో ఒక టీ హోటల్లో. లైసెన్సు పరీక్ష పాసైన గుప్పెడు మందిమి, సొంత డబ్బుతో కొనుక్కున్న వైర్‌లెస్ సెట్లు, ఒకటే ప్రతిజ్ఞ: నగరం మునిగి ఫోన్లన్నీ మూగబోయిన రోజున మేమే మాట్లాడాలి. నగరం చాలాసార్లు మునిగింది. వీధుల్లో పడవలు తిరిగాయి. దిక్కుమాలిన ఫోన్లు మాత్రం మోగుతూనే ఉన్నాయి. చేసేది లేక రోజూ పొద్దున్నే రేడియోలో హాజరు వేసుకుని తృప్తిపడేవాళ్లం.

శ్రీనగర్ కాలనీ నుంచి ప్రెసిడెంటు గారు ఒక్కొక్కరినీ పేటపేరుతో పిలుస్తారు. పిలిచినవాడు నాలుగు మాటలు చెబితే మార్కులు వేస్తారు. మాట స్పష్టతకి ఐదు, సిగ్నల్ బలానికి తొమ్మిది. అంతకు మించి లేవు. మా క్లబ్బులో అంతకు తక్కువా లేవు. పెళ్లిలో చెయ్యి కడుక్కుంటున్నవాణ్ణి ‘వంటలెలా ఉన్నాయండీ?’ అని అడిగితే సాంబారు చప్పగా ఉందని ఎవడైనా అంటాడా? అలాగే అందరికీ ఫైవ్ నైన్.

ఆ మార్కులకి నేను ఎంత ఉబ్బిపోయానంటే, అమీర్‌పేటలో మా డాబా మీద నిలబెట్టిన యాంటెన్నాని చూసి విమానాలు పక్కకి తప్పుకుంటున్నాయని చెప్పుకునేవాణ్ణి. దానిమీద వాలే పావురాలకి ఏ కోచింగూ లేకుండా ఇంగ్లీషు వచ్చేసిందని కూడా. క్లబ్బువాళ్ల మాటలు నాకు గుడిగంటల్లా వినిపించేవి. నా మాటా అంతేననుకున్నాను.

ఈ మధ్య అపార్ట్‌మెంట్ సంఘానికి డాబా కావలసివచ్చింది. ఎవరో కోచింగ్ సెంటర్ వాళ్లు బోర్డు పెట్టుకుని అద్దె ఇస్తారట. ఇటుకల కంటే బోర్డులే ఎక్కువున్న పేటలో అదొక్కటే తక్కువైంది మరి! వరదలొస్తే మేమే దిక్కని సంఘం సెక్రటరీకి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను.

“మస్తు చెప్తున్నవ్ అన్నా. జర మాట్లాడి సూపెట్టు. అవతలోళ్లు విన్నరనుకో, నీ కట్టె ఆడ్నే ఉంటది,” అన్నాడు.

మర్నాడు హాజరు వేళకి నా గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నా వంతు వచ్చింది.

“ప్రెసిడెంటు గారూ, ఇవాళ నా యాంటెన్నా పీకేస్తామంటున్నారు. సెక్రటరీ గారు పక్కనే ఉన్నారు. పీకొద్దని ఒక్క మాట చెప్పండి.”

“చాలా సంతోషమండీ! ఫైవ్ నైన్. పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టుంది. అలాగే కానివ్వండి. తర్వాత బోరబండ!”

సెక్రటరీ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

“పెద్దాయన కానియ్యమన్నడు గదన్నా,” అని లేచి వెళ్లిపోయాడు. సాయంత్రానికి యాంటెన్నా ముక్కలై మెట్ల దగ్గర పడి ఉంది.

బోరబండ సభ్యుడిది టైలరింగ్ షాపు. ఆదివారం టీ హోటల్లో అతను ఒక్కడే దొరికితే నిలదీశాను.

“నిజం చెప్పాల్నా అన్నా? మెట్రో పిల్లర్లు లేచినప్పటి సంది నీ దిక్కుకెల్లి గుర్రుమనుడే గానీ మాట రాదు. ప్రెసిడెంట్‌కు సుత గంతే. నొచ్చుకుంటవని ఎవరం చెప్పలే.”

టీ గుక్క మింగి, మెల్లగా అడిగాడు: “నాదైతే మంచిగనే వస్తది గదా?”

“ఫైవ్ నైన్,” అన్నాను.

మర్నాడు పొద్దున అలవాటు చావక, సెట్టుకి కిటికీ ఊచల మీదుగా ఒక తీగ తగిలించి వినడానికి కూర్చున్నాను. మైకు అలమరాలో ఉంది. ప్రెసిడెంటు గారు అమీర్‌పేటని పిలిచారు. నేను నోరు విప్పలేదు. నాలుగు మాటలకి పట్టేంత సేపు ఆయన మర్యాదగా ఆగారు.

“భేష్! ఫైవ్ నైనండీ. ఇవాళ ఇంకా బాగుంది. తర్వాత బోరబండ!”