స్వరూప కంప్యూటర్‌కు ఎంత ర్యామ్

బెల్లంపల్లిల పాత బస్టాండు వెనుక గల్లీల స్వరూపకు ఒక డీటీపీ దుకాణం ఉన్నది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, వచ్చినోళ్లు కూసునేటందుకు రెండు ప్లాస్టిక్ కుర్చీలు. పెండ్లి పత్రికలు, దినాల కార్డులు, దరఖాస్తులు, ఫ్లెక్సీలు, ఎవరికి ఏది కావాల్నంటే అది చేసిస్తది. ఆమెకు నలభై ఆరేండ్లు. బాపు రాజయ్య బొగ్గు బాయిల పని చేసి, రిటైరైన మూడేండ్లకు పోయిండు. ఆ ఎనుకనే అమ్మ పోయింది. తమ్ముండ్లిద్దరి పెండ్లిళ్లు చేసే తొందరల ఈమె పెండ్లి మాట ఎవ్వరూ ఎత్తలే. ఈమె కూడా ఎత్తలే. ఇప్పుడు ఒక తమ్ముడు గోదావరిఖనిల, ఇంకొకడు మస్కట్‌ల ఉంటరు.

ఆ దుకాణం నిజానికి సంపత్‌ది. టైపింగ్ నేర్చుకుంటనని పోయిన స్వరూప, పన్నెండేండ్లు ఆయన పక్క కుర్చీల కూసోని పని చేసింది. ఫోటోల మచ్చలు తీసుడు, రంగులు దిద్దుడు అన్నీ ఆయన దగ్గరే నేర్చింది. గనులు ఒక్కొక్కటే మూతబడి, క్వార్టర్లు ఖాళీ అయితుంటే సంపత్ కుటుంబాన్ని తీసుకొని కరీంనగర్ పోయి, అక్కడ కంప్యూటర్లు అమ్మే దుకాణం పెట్టుకున్నడు. పోయేనాడు తాళంచెవులు స్వరూప చేతుల పెట్టి, "నువ్వే నడుపుకో. ఏదన్నయితే ఫోన్ చెయ్" అన్నడు. మొదటి ఏడాది వారానికోసారి మాట్లాడుకున్నరు. తర్వాత నెలకోసారి. ఇప్పుడు దసరాకు జమ్మి ఆకుల బొమ్మ ఒకటి ఫోన్ల వస్తది, ఈమె తిరిగి ఒకటి పంపుతది.

మొన్నటి వానకాలంల ఐలవ్వ అనే ముసలామె దుకాణానికొచ్చింది. ఆమె పెనిమిటి పోయి నాలుగు రోజులాయె. దినాలకు ఫోటో, ఫ్లెక్సీ కావాల్నని కొంగుల నుంచి ఒక ఫోటో తీసి ఇచ్చింది. ఆయన రిటైరైన నాడు బాయి మీద అందరూ కలిసి దిగిన ఫోటో. ముప్పై మంది దాంక ఉన్నరు. మూడో వరుసల, మెడల దండతోని, సగం మొఖం పక్కాయన భుజం వెనుక పడి ఉన్నడు.

"ఒక్కడే ఉన్న ఫోటో లేదా అవ్వా?" అని స్వరూప అడిగింది.

"ఒక్కడే ఎన్నడు దిగలే బిడ్డా. గిదే ఉన్నది."

స్వరూప ఆ మొఖాన్ని పెద్దగ చేసి, కానరాని చెంపను కానొచ్చే చెంప చూసి గీసుకుంట, రెండు రోజులు కూసున్నది. సంపత్ ఎప్పుడో కట్టిన కంప్యూటరు, నాలుగు జీబీల ర్యామ్. ఫ్లెక్సీ సైజు పెట్టంగనే ఆగిపోయేది, మళ్ల కదిలేది. రెండో రోజు సాయంత్రం తెర నల్లగై, ఇక వెలగలే. మంచిర్యాల నుంచి వచ్చిన మెకానిక్ ఇప్పి చూసి, "బోర్డు పోయింది. దీనికి సామాను దొరుకదు, కొత్తది కొనుక్కోరి" అన్నడు. హార్డ్‌డిస్కు మాత్రం బాగనే ఉన్నదని ఊడదీసి ఇచ్చిండు. దాన్ని తువ్వాలల చుట్టి సంచిల పెట్టుకొని, తెల్లారి స్వరూప కరీంనగర్ బస్సెక్కింది.

ముందుగాల ఫోన్ చెయ్యలే. చేస్తే "నువ్వెందుకొచ్చుడు, ఫలానది పంపిస్త" అంటడేమోనని చెయ్యలే.

సంపత్ దుకాణం పెద్దగ ఉన్నది. ఆయనకు కండ్లద్దాలొచ్చినయ్, ఎంటికలు నెరిసినయ్. ఈమెను చూడంగనే లేచిండు.

"అరె స్వరూపా, చెప్పకుండనే వచ్చినవ్. కూసో కూసో."

చాయ తెప్పిచ్చిండు. సంగతి ఇన్నడు. ఒక కాయిదం ముందలేసుకొని, "సరే, కొత్తది కడుదాం. దాంట్ల ఏమేం పని చేస్తవో చెప్పు. ర్యామ్ ఎంత వెయ్యాల్నో దాన్నిబట్టే ఉంటది" అన్నడు. "ర్యామ్ అంటే పని చేసే బల్ల అసొంటిది. బల్ల చిన్నగుంటే ఒక కాయిదం తీసినంకనే ఇంకోటి పరుస్తం. ఇప్పుడు దుకాణం ఎట్ల నడుస్తున్నది?"

"మస్తు నడుస్తున్నదన్నా" అన్నది స్వరూప.

ఆ మాట ఎందుకన్నదో ఆమెకే తెల్వది. ఆయన మొఖం ఎలిగింది.

"నువ్వొక్కదానివే చూసుకుంటున్నవా?"

"ఇద్దరిని పెట్టుకున్న."

"శభాష్. పెండ్లి ఆల్బమ్‌లు గూడ చేస్తున్నరా మరి?"

"చేస్తున్నం."

కాయిదం మీద ముందుగాల రాసుకున్న ఎనిమిది జీబీలను కొట్టేసి సంపత్ పదహారు రాసిండు. "వీడియోలు?"

ఈమె చాయ గిలాసను చూసుకుంట, "గవి గూడ" అన్నది. పదహారు మీద గీత పడ్డది. ముప్పైరెండు రాసిండు.

"ర్యామ్ రేట్లు ఈ నడుమ మస్తు పెరిగినయ్. కానీ నువ్వన్న పనికి ఇంత లేకుంటే కష్టం."

"ముప్పైరెండు ఎక్కువైతదేమో అన్నా."

"వీడియో అన్నవ్ గద."

స్వరూప చాయ గిలాస పక్కకు పెట్టింది. ఆమె దాచిపెట్టిన పైసలు పదహారు దాంకనే సరిపోతయ్. అది కాదు ఆమె ఫికర్. ఇప్పుడు వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలె.

సంపత్ చెయ్యి చాపి, "పాత డిస్కు తెచ్చినవ్ గద, ఇయ్యి. అన్నిట్లకంటె పెద్ద ఫైలు ఏదో చూస్తే లెక్క తేలుతది" అన్నడు. ఆమెకు ఇయ్యబుద్ధి కాలే. అయినా ఇచ్చింది.

ఆయన దాన్ని తన కంప్యూటర్‌కు తగిలిచ్చిండు. ఏడాదికొక ఫోల్డర్, దాంట్ల పనికొక పేరు. తను ఉన్న ఏండ్ల ఫోల్డర్లు దాటుకుంట పోయిండు. తర్వాతి ఏండ్లల్ల పెండ్లిళ్లు ఇరవై, తొమ్మిది, రెండు. పోయిన ఏడాది ఒక్కటి లేదు. తెర నిండ శ్రద్ధాంజలి, దినాల కార్డు, శ్రద్ధాంజలి. వీడియో అనేదే లేదు.

మౌస్ మీద ఆయన వేలు ఆగింది.

"లక్ష్మయ్యనా ఇది? మనకు చాయ తెచ్చే లక్ష్మయ్య?"

"ఆయననే."

"ఎప్పుడు పోయిండు?"

"రెండేండ్లాయె."

"నాకు చెప్పకపోతివి."

"నువ్వు అడగలే గదన్నా."

సంపత్ ఇంకా కిందికి పోయిండు. తెలిసిన పేరు దగ్గర ఆగుడు, సదువుడు. పక్క గల్లీ పరశురాములు. బడిల సారు కొండల్. తను ఉన్నప్పుడు ఒక ప్రింటరు అప్పుగ ఇచ్చిన దుకాణపాయన. దుకాణంలకు ఎవరో గిరాకి వచ్చి నిలబడ్డరు, ఆయన చూడలే.

కొద్దిసేపటికి, తెర దిక్కే చూసుకుంట, "ఇద్దరిని పెట్టుకున్న అన్నవ్" అన్నడు.

"లేరు. నేనొక్కదాన్నే."

ఆయన అద్దాలు తీసి అంగితోని తుడుచుకున్నడు. ఎందుకట్ల చెప్పినవని అడగలే. అడిగితే ఏం చెప్పాల్నో ఆమె బస్సుల నుంచి ఆలోచించుకొని రాలే.

"గీ ఐలవ్వ ఫైలే పెద్దది. ఎనిమిది పెడితే నడుస్తది గని, ఫ్లెక్సీ సైజు కాడ మళ్ల పరేషాన్ చేస్తది. పదహారు పెడితే బాగనే ఉరుకుతది. ముప్పైరెండే పెడుత, పైసలు తర్వాత ఇద్దువుగని. రేపు పని పెరిగితే పనికొస్తది."

"నా కాడ పని పెరుగుడంటే ఇంకింత మంది పోవాలె గదన్నా" అన్నది స్వరూప. "పదహారు సాలు."

సంపత్ తలూపిండు. తనే బోర్డు మీద ర్యామ్ బిగిచ్చిండు, డిస్కుల ఫైళ్లన్నీ కొత్తదాంట్లకు ఎక్కిచ్చిండు. దానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలు పక్కపక్క కుర్చీలల్లనే కూసున్నరు. లక్ష్మయ్య ఎట్ల పోయిండో, ఆయన కొట్టు ఎవరు నడుపుతున్నరో, ఏ బాయి మూతబడ్డదో, ఏ క్వార్టర్లు కూలగొట్టిన్రో ఆయన అడిగిండు, ఈమె చెప్పింది. బస్టాండు దాంక వచ్చి కంప్యూటర్ డబ్బా బస్సు సీటు కింద తనే పెట్టి, "దసరా లోపల ఒకసారి వస్త, దుకాణం చూసిపోత" అన్నడు. ఆ నెల రెండుసార్లు ఫోన్ చేసిండు. దసరాకు రాలే. ఆకుల బొమ్మ వచ్చింది.

కరీంనగర్ నుంచి వచ్చిన తెల్లారే స్వరూప ఐలవ్వ పని ముందలేసుకున్నది. ఫైలు తెరవంగనే తెరుచుకున్నది. రెండు రోజులల్ల కాని పని మధ్యాహ్నం కాకముందే అయిపోయింది. ఐలవ్వ వచ్చేసరికి ఆమె పెనిమిటి తెర మీద ఒక్కడే, తెల్లంగితోని, రెండు చెంపలతోని ఉన్నడు.

ఐలవ్వ దగ్గరికొచ్చి చూసింది. "ఈయననే" అన్నది.

ఫ్లెక్సీ తర్వాత గని, ఫోటో ప్రింటు తీసుడు నిమిషం పని. పాత కంప్యూటరు ఉన్నప్పుడు ఫోటో తెరుచుకునే దాంక గిరాకులు కుర్చీల కూసొని పోయినోళ్ల ముచ్చట చెప్పేటోళ్లు. ఏ బాయిల పని చేసిండు, ఏం తినేటోడు, ఆఖరి రోజు ఏమన్నడు. స్వరూప తెర దిక్కు చూసుకుంట ఊ కొట్టేది. అది పనిల భాగమే అనుకున్నది గని, దినమంత తనతోని మాట్లాడేటోళ్లు వాళ్లేనని ఎన్నడు లెక్కబెట్టుకోలే. ఐలవ్వ ఫోటోను కొంగుల చుట్టుకుంటుంటే, "జర కూసో అవ్వా, చాయ తెప్పిస్త" అన్నది.

"బస్సున్నది బిడ్డా" అని ఐలవ్వ పోయింది.

తర్వాతి వారం ఒకామె శ్రద్ధాంజలి ఫోటో కోసం, పోయిన తన మామ ఐడీ కార్డు తీసుకొని వచ్చింది. పది నిమిషాల పని. "ఎంతసేపైతది?" అని అడిగితే స్వరూప కంప్యూటర్ దిక్కు చూసింది.

"కొత్తది గద, జర టైం పడుతది. కూసో చెల్లే" అన్నది.

ఆమె సంచి కిందపెట్టి కూసున్నది. "మా మామ మస్తు కోపిష్టి అక్కా" అని మొదలువెట్టింది. స్వరూప మౌస్ మీద చెయ్యి పెట్టి, ఫోటోను తెరవకుండ, ఇనుకుంట కూసున్నది.