ఆ రెండు మాటలూ పలికిన ఆర్మెల్

ఆర్మెల్ కెమెనర్ తన జీవితంలో పద్నాలుగు నాటకాలు ఆడించింది, మూడు సినిమాలు తీసింది. పారిస్ పత్రికలవాళ్ళు ఆమె గురించి ఎప్పుడు రాసినా సినిమాల దగ్గరే మొదలుపెడతారు. వాళ్ళ ఖర్మ. బ్రిటనీ తీరంలో ఆమె పుట్టిన రేవుకి వెళ్ళి ఎవరినైనా అడగండి, 1974 నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం పడిన మూడు గంటల ఆట గురించే చెబుతారు. ఆ నాటకమే రెండేళ్ళ తర్వాత, అదే మనుషులతో, నిజం సముద్రం మీద ఆమె మొదటి సినిమా అయింది.

తల్లి కవళ్ళనే చిన్న చేపలను డబ్బాల్లోకెక్కించే ఫ్యాక్టరీలో పనిచేసింది. తండ్రి కొరాంతాన్ చేపల పడవను నడిపించే సరంగు. కూతురూ ఆ ఫ్యాక్టరీలోనే చేపల తలలు కోస్తూ బతుకుతుందని అందరూ అనుకున్నారు. ఆమె పందొమ్మిదో ఏట, తండ్రి వద్దంటున్నా, పెట్టె సర్దుకుని పారిస్ వెళ్ళింది. ఒక నాటకశాలలో వేదిక కింది గూట్లో కూర్చుని, మాట మరిచిపోయిన నటులకు మాట అందించే పనిలో కుదిరింది. ఆరేళ్ళు ఆ గూట్లో దుమ్ము తింది, నాటకాన్ని ఒంటబట్టించుకుంది. ఆ తర్వాత పన్నెండేళ్ళు పెద్ద దర్శకుల వెనకాల తిరుగుతూ అడ్డమైన చాకిరీ చేసింది. కూతురేం చేస్తోందని ఎవరైనా అడిగితే కొరాంతాన్, "పారిస్‌లో ఏదో గుంటలో ఉంటోంది లే" అనేవాడు.

ముప్పై ఎనిమిదో ఏట, తన తీరంలోనే ఉన్న పెద్ద ఊరి నాటకశాలవాళ్ళు ఆమెకొక అవకాశమిచ్చారు. తుఫానులో చిక్కుకున్న పడవ కథ. నటులెవరూ వద్దని తన రేవు జాలర్లనే ఏడుగురిని తెచ్చుకుంది. వేదిక నడుమ నిజమైన పడవ పెట్టింది. దాన్ని పైనుంచి కట్టి, వేదిక పైనున్న అటక మీంచి పనివాళ్ళు లాగుతుంటే అల మీద ఉన్నట్టే లేచేది, పడేది. ఇది బోల్తా కొడితే ఇంకో నాటకం అడగొద్దని పెద్దలు ముందే చెప్పేశారు.

తన పడవలో పనిచేసే కలాసీలు పోరగా పోరగా కొరాంతాన్ కూడా ఆ ఏడుగురిలో ఒకడిగా వచ్చాడు. వచ్చాడే గానీ, అయిదు వారాల అభ్యాసంలో కూతురితో నేరుగా ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. "నన్నెటు నిలబడమంటుందో ఆవిణ్ణి అడగరా" అని పక్కనున్న యువెన్ అనే కలాసీ చేత అడిగించేవాడు.

ఆ ఆదివారం రెండు గంటలకు చివరిసారి అంతా సరిచూసుకుంటున్నారు. యువెన్ పడవలోంచి పైకి చూసి అరిచాడు.

"ఒరేయ్ పైనున్నోళ్ళూ! ఆ తాడు వదులుగా ఉందిరా!"

నాటకశాలలో ఆ మాట అనకూడదు. దానికి ముప్పై పేర్లున్నాయి, వాటిలో ఏదైనా అనొచ్చు గానీ ఆ ఒక్కటీ అంటే మాత్రం ఎవరో ఒకరు చస్తారు. పైనున్న తొమ్మిదిమందీ పని వదిలేసి మెట్లు దిగొచ్చారు. వాళ్ళ మేస్త్రీ ఫుల్బేర్ ముఖం కందగడ్డలా ఉంది.

"ఎవడ్రా ఆ మాటన్నది? అయిదు వారాల్నుంచీ చెబుతూనే ఉన్నాగా!"

"ఏ మాట? తాడా?" అన్నాడు యువెన్. "తాడుని తాడనక తాంబూలం అంటారేంటి మావా?"

జాలర్లు పగలబడి నవ్వారు. ఫుల్బేర్‌కి ఒళ్ళు మండింది.

"నవ్వండి, నవ్వండి. ఇవాళ మా ఆవిడేం వండిందో తెలుసా? కుందేలు! ఆవపిండి పెట్టి మరీ వండింది. కుందేలు!"

నవ్వులు టక్కున ఆగాయి. పడవలో ఉండగా ఆ జంతువు పేరెత్తితే పడవ మునుగుతుంది. వీళ్ళ తాతముత్తాతలు కూడా దాన్ని పెద్దచెవులది అనే అన్నారు. సముద్రం అట్టముక్కలదైతేనేం, పడవ పడవే. ఏడుగురూ గబగబా దిగి, టోపీలు పెట్టుకుని తలుపు వైపు నడిచారు. అందరికంటే ముందు కొరాంతాన్. బయట అప్పటికే జనం బారులు తీరుతున్నారు.

ఆర్మెల్‌కి ఈ రెండు భయాలూ తెలుసు. కుందేలు అన్నందుకు చిన్నప్పుడు రేవులో తండ్రి చేత చెంపదెబ్బ తింది. తాడు అన్నందుకు పారిస్‌లో తొలిరోజే జరిమానాగా అందరికీ మందు పోయించింది. రెంటిలో ఏదీ ఆమెకు నవ్వులాట కాదు. అయినా పడవ ఎక్కి నిలబడింది.

"తాడు," అంది గట్టిగా.

"అమ్మా, వద్దు!" అన్నాడు ఫుల్బేర్.

"కుందేలు." తలుపు దగ్గర యువెన్ శిలువ గుర్తు వేసుకున్నాడు. "తాడు, కుందేలు, తాడు, కుందేలు! విన్నారుగా? ఇందాక మీరన్నవి లెక్కలోకి రావు. అన్నదాన్ని నేను. వచ్చే కీడేదో నా నెత్తినే పడుతుంది, మీకెవరికీ అంటదు. ఆటయ్యాక అందరికీ ఆపిల్ కల్లు పోయిస్తా. ఇంక ఎక్కేవాళ్ళు ఎక్కండి, లాగేవాళ్ళు లాగండి!"

ఎవరూ కదలలేదు.

కొరాంతాన్ వెనక్కి తిరిగాడు. నలభై ఏళ్ళు సముద్రం మీద తిరిగినవాడు. పడవకొచ్చే కీడంతా ఒక్కడే నెత్తిన వేసుకోవడం ఎలా ఉంటుందో అక్కడున్నవాళ్ళలో అతనికే తెలుసు. కూతురి వైపు చూసి, టోపీ తీశాడు.

"ఏంట్రా చూస్తారు?" అన్నాడు కలాసీలతో. "సరంగు చెప్పింది. ఎక్కండి."

తను కూడా పడవ దగ్గరికొచ్చి, యువెన్‌ని పక్కకు జరిపి, కూతుర్నే అడిగాడు.

"నన్నెక్కడ నిలబడమంటావే?"

ఆర్మెల్ చుక్కాని వైపు వేలు చూపించింది. ఫుల్బేర్, "నాకు ఆపిల్ది పడదు, ద్రాక్షసారా అయితేనే" అని గొణుగుతూ మెట్లెక్కాడు.

మూడింటికి, అక్కడి ఆనవాయితీ ప్రకారం వేదిక మీద కర్రతో మూడు దెబ్బలు కొట్టి తెర లేపారు. పడవ లేచింది, పడింది. ఆరువందల మంది కుర్చీల చేతులు పట్టుకుని ఊపిరి బిగబట్టారు. తుఫాను వెలిసి పడవ రేవు చేరాక ఒక్కరూ కూర్చుని లేరు. చప్పట్లు చాలక నేలను కాళ్ళతో బాదారు. దర్శకురాలు రావాలని కేకలు పెట్టారు. ఆర్మెల్ తెర చాటున గోడకి అంటుకుపోయి ఏడుస్తోంది.

కొరాంతాన్ చెమటకు తడిసిన బట్టలతోనే వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"రేవులోకొచ్చేటప్పుడు సరంగు లోపల దాక్కోవడం ఎక్కడైనా ఉందా? పద."

దీపాల వెలుగులోకి ఆమెను లాక్కొచ్చి నిలబెట్టాడు.

"ఈవిడ మా సరంగు!" అని ఆ హోరులో ఆరువందల మందికీ వినబడేలా అరిచాడు. "నా కూతురు కూడా!"