తుడవాల్సిన పలక

మేస్త్రి మామ చనిపోయారన్న కబురు నాకు రెండో పీరియడ్ జరుగుతుండగా వచ్చింది. నేను గిద్దలూరులో లెక్కల టీచర్ని. ఫోన్ చేసింది మార్కాపురంలో మామ షెడ్డు పక్కనే లేతు మిషన్ నడిపే సాయిబు. "టీచరమ్మా, పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయినాడమ్మా" అన్నాడు. బోర్డు మీద సగం చేసిన లెక్కను పిల్లలనే పూర్తి చేయమని చెప్పి బయటికొచ్చేశాను.

ఆయనకూ నాకూ చుట్టరికమేమీ లేదు. నా పాత స్పోర్ట్స్ సెడాన్‌ను ఆయన తప్ప వేరే మెకానిక్ ఎవరూ ముట్టుకోకపోవడం వల్ల మామ అయ్యారు. అది నేను ముచ్చటపడి సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు. చదును రోడ్డు మీద బాగానే ఉరికేది గానీ, నంద్యాల దారిలో నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు లారీల వెనక ఆయాసపడేది. దాని బలం పెంచాలని నాకు ఒకటే పట్టుదల. సిలిండర్లు వెడల్పు చేయిస్తే బలం పెరుగుతుందని ఎక్కడో విన్నాను. మామ తర్లుపాడులో బంధువుల పెళ్లికి పోయిన వారంలో, ఆయనకు చెప్పకుండా, ఇంజన్ దింపించి వేరే ఊరి లేతు షాపులో ఆ పని కానిచ్చేశాను. నా తొందర అట్లాంటిది.

తిరిగొచ్చాక మామ సిలిండర్ గోడలు కొలిచి చూశారు.

"లెక్కల టీచరువి గదమ్మా. కొలవకుండా కోయించినావేంది?"

అంతే. అరిచినా బాగుండేది. గోడలు పలచబడ్డాయనీ, ఇంకొంచెం కోస్తే తుక్కు కింద అమ్ముకోవడమేననీ చెప్పి, ఇంజన్‌ను ఓ మూలకు జరిపారు. మూడో రోజు తనే పిలిచారు. "నీకు కావాల్సింది స్పీడు కాదు, లాగుడు. వెడల్పు చేసేదానికి ఇంక చోటు లేదు. పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం పెంచుదాం. దాన్నే స్ట్రోకర్ అంటారు" అన్నారు. అదే కంపెనీ పెద్ద ఇంజన్‌లో పిస్టన్లను ఆడించే క్రాంక్ షాఫ్ట్ ఇందులో కూర్చుంటుందని ఆయన నమ్మకం. వెతగ్గా వెతగ్గా అది పామూరు తుక్కు దుకాణంలో దొరికింది. దొరికాక కూడా నెలల తరబడి ఆయన పానా ముట్టలేదు.

ఆ నెలలన్నీ పలకతోనే గడిచాయి. మామ దగ్గర ప్రతి ఇంజన్‌కూ ఒక పలక ఉండేది, బడి పిల్లలు రాసుకునే మన మార్కాపురం పలకే. కొలతలన్నీ దాని మీద బలపంతో రాసి గోడకు తగిలించేవారు. పుస్తకంలో రాయొచ్చు కదా మామా అంటే, "పెన్నుతో రాస్తే తప్పు గూడా నిలబడిపోతాదమ్మా" అనేవారు. ఇంజన్ స్టార్టయి చక్కగా తిరిగాకే పలక తుడిచేవారు. గోడ మీద పలకలో అంకెలున్నాయంటే ఆ పని ఇంకా అయిపోలేదన్నమాట. ఇన్నేళ్లలో ఆయన తుడవకుండా వదిలేసిన పలక ఒక్కటీ లేదని సాయిబు గొప్పగా చెప్పేవాడు.

అన్నిటికంటే నాకు విచిత్రంగా తోచింది పిండి ముద్ద. పిస్టన్ ఎక్కువ దూరం తిరిగితే పైనున్న వాల్వులకు తగిలే ప్రమాదముంది. తగిలితే ఇంజన్ పోయినట్టే. అందుకని పిస్టన్ నెత్తిన చపాతీ పిండి అద్ది, వాల్వులుండే పైమూతను, అంటే హెడ్డును, బిగించి, ఇంజన్‌ను చేత్తో తిప్పి, మళ్లీ విప్పి, నొక్కుకున్న చోట పిండి ఎంత మందం మిగిలిందో కొలిచేవారు. ఆ పిండి కలిపేది అత్త. "ఇంట్లో ఒక్క చపాతీ తినడు గానీ ఇంజన్లకు మాత్రం పెడతాడు" అని వేళాకోళం చేసేది.

ఆఖరి సాయంత్రం మామ నా ఇంజన్‌లో పిండి అద్ది హెడ్డు బిగించారు. ఇప్పుడే తిప్పేద్దామని నేను తొందరపెట్టాను. "అలిసిన చేత్తో కొలత తీయకూడదమ్మా. రేపు పొద్దున చూద్దాం" అని చేతులు కడుక్కున్నారు.

మామ కోసం చర్చివాళ్లు జరిపిన ఆదరణ కూడిక అయ్యాక అత్తతో కలిసి షెడ్డుకు పోయాను. పలక గోడకే ఉంది. అన్ని కొలతలూ నిండాయి. చివరి వరసలో 'వాల్వు సందు, 2 మి.మీ.కు తగ్గకూడదు' అని రాసి, పక్కన ఖాళీ వదిలారు. ఇంజన్‌ను ఇంకెవరికైనా చూపించమన్నాడు సాయిబు. నాకు ఒళ్లు మండింది. ఆయన తుడవకుండా పోయిన ఒకే ఒక్క పలక నా తొందర వల్ల చెడిన ఇంజన్‌దే కావడం నాకు ససేమిరా ఒప్పుకోబుద్ధి కాలేదు. ఇప్పుడే తిప్పి చూద్దాం రమ్మన్నాను.

"ఎండిన పిండి అబద్ధం చెప్తాదని ఆయనే అంటుండినాడు గదమ్మా" అన్నాడు సాయిబు మెల్లగా.

హెడ్డు విప్పాడు. కిందికి దిగి ఉన్న పిస్టన్ మీద పిండి రాయిలా గట్టిపడి ఉంది. దాని మీద మామ బొటనవేలి గుంట, గీతలతో సహా. నేను ఏడ్చేశాను. అత్త ఆ ముద్దను పెళ్లగించి పక్కన పెట్టింది. ఇంటికి పోయి కొత్త పిండి కలిపి, తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. సాయిబు అద్దాడు, బిగించాడు, చేత్తో రెండు చుట్లు తిప్పాడు. ఎక్కడా తగల్లేదు. విప్పి, పిండిని బ్లేడుతో కోసి, మూడుసార్లు కొలిచాను. రెండుంపావు. బలపం తీసుకుని మామ వదిలిన ఖాళీలో నా అంకె రాశాను.

ఇంజన్ కారులోకి ఎక్కడానికి ఇంకో నెల పట్టింది. స్టార్టయిన రోజు చాలాసేపు వింటూ నిలబడ్డాం. అత్త చెంగు తడిపి గోడ మీది పలక తీసుకుంది.

"ఉండనీ అత్తా, ఆయన రాత" అన్నాను.

"ఉంచితే పని మిగిల్చి పోయినాడనుకుంటారమ్మా" అని మొత్తం తుడిచేసింది.

తుడిచిన పలకను మళ్లీ మేకుకు తగిలించి, కిటికీలో దాచిన ఎండు పిండి ముద్దను చేతిలోకి తీసుకుంది. ఆ గుంటలో తన బొటనవేలు పెట్టి చూసుకుంది. ఆమె వేలికి అది వెడల్పయింది.