చేతులు ఆగిన సినిమా

మొన్న మా అమ్మాయి కోయంబత్తూరులో ఏదో పెద్ద దుకాణం నుంచి గాజు కూజాలో పెట్టుకోవడానికని ఎండిన పత్తికొమ్మలు కొనుక్కొచ్చింది. అందానికట. నేను ఆ కూజా పక్కన కూర్చుని ఫోనులో మాట్లాడి పెట్టేసేసరికి, నా ప్రమేయం లేకుండానే నా వేళ్లు రెండు కాయలు వలిచేసి దూదిని ఒళ్లో పోగుపెట్టేశాయి. "అయ్యో అమ్మా, ఏం చేసేస్తివి!" అని అది నెత్తి కొట్టుకుంది. నాకు మాత్రం ఆ ఎండు డొప్పల వాసన తగలగానే అన్నూరు దగ్గరి మా పల్లె, మా ఇంటి నడవ, ఆ నడవలో గడిచిన ఆదివారం మధ్యాహ్నాలు ఒక్కసారిగా ముక్కులోకి వచ్చేశాయి.

శివరాత్రి దాటి ఎండ ముదిరాక, చేలో చెట్లమీద విచ్చుకోకుండా మిగిలిపోయిన పత్తికాయల్ని కాయలుగానే కోసి తెచ్చి, మిద్దెమీద ఎండబోసి, నడవలో నడుమెత్తు కుప్ప పోసేవాళ్లు. మా నాయన తల్లి, మా అవ్వ, కుప్ప ముందు కాళ్లు చాపుకుని కూర్చునేది, ఆమె చుట్టూ వీధిలోని ఆడవాళ్లంతా చేరేవాళ్లు. డొప్పల మొనలు గోళ్ల సందుల్లో గుచ్చుకుంటున్నా, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు నములుతూ, కరుపట్టి, అదే తాటిబెల్లం, వేసిన కాఫీ తాగుతూ, ఊళ్లో అందరి గుట్టూ విప్పుతూ సాయంత్రం దాకా వలిచేవాళ్లు. అంత హాయైన పని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఆ గుట్టులన్నీ మా చిన్నాయన పుణ్యాన ఆగిపోయాయి. ఆయన కోయంబత్తూరులో మోటారు పంపుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, పెళ్లి కాలేదు, పెళ్లికి బదులు సినిమా పిచ్చి పట్టింది. అక్కడేదో సినిమా సంఘంలో చేరి, వీడియో డెక్కు సంపాదించి, పై దేశాల సినిమాల టేపులు శనివారం బస్సులో మోసుకొచ్చేవాడు. అసలు పేర్లు నోరు తిరగక, పెట్టెలమీద అరవంలో తనకు తోచిన పేర్లు రాసేసేవాడు. రొట్టెల పిల్ల, గుడ్డివాడి సైకిలు, మంచు ఎద్దు. తెచ్చిన ప్రతిదాన్నీ ఇంతకు మించింది లేదని ఒట్టేసి చెప్పేవాడు, ఆదివారం అన్నం తిని టేపు పెట్టి, తానే ముందుగా గుర్రు పెట్టేవాడు.

బొమ్మ కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెత్తేవి. ఆ నడవలో ఇంగ్లీషు చదవగలిగింది కాన్వెంటులో అయిదో తరగతి చదివే నేనొక్కదాన్నే. అందుకని నన్ను టీవీ పక్కన పీటమీద కూర్చోబెట్టి, అక్షరాలు చదివి మా ఇంటి తెలుగులో చెప్పమనేవాళ్లు. వాళ్లు తలెత్తేవాళ్లు కారు, చూపు పత్తిమీద, చెవి నామీద. నాకు సగం మాటలు తెలిసేవి కావు. తెలియనిచోట నా సొంత తెలివి వాడేదాన్ని, దానికి లోటు లేదు. ఆకాశంలోంచి మంచు రాలుతుంటే ఏం చెప్పాలో తోచక, అక్కడ పత్తి కురుస్తోందన్నాను. "అంత పత్తి కురిస్తే ఎవురు ఏరేది అమ్మిణీ?" అని అవ్వ నిజంగానే బెంగపడింది.

ఒకసారి చిన్నాయన మద్రాసు నుంచి ఒక తెలుగు సినిమా తెచ్చాడు. మన భాషే కదా, ఈ వారం నాకు సెలవని పీట దిగిపోయాను. పది నిమిషాలు విని అవ్వ, "వీళ్లు మాట్లాడేది ఏ వూరి బాస? ఎక్కు, చదివి చెప్పు" అంది. చదవడానికి కింద అక్షరాలే లేవు. తాతల కాలంనాడే తెలుగుసీమ వదిలి ఈ అరవదేశానికి వచ్చేసిన మాకు అన్నిటికన్నా పరాయి సినిమా అదే అయింది, మరుసటి వారం నుంచి మళ్లీ దూరదేశాలకే పోయాం.

సినిమా మంచిదా కాదా అన్నది అవ్వ ఎవరినీ అడిగేది కాదు. సాయంత్రం వలిచిన దూదికేసి చూసేది. దూది బాగా పోగైతే సినిమా ఉత్తది. దూది తక్కువైతే, చేతులు ఆగాయన్నమాట. అప్పుడు మర్నాడు కుళాయి దగ్గర పదిమందికి చెప్పేది.

ఆ ఏడు మా ముసలి ఎద్దు సెవల చచ్చిపోయింది. అవ్వ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ వారమే చిన్నాయనకు మంచు ఎద్దు తేవాలనిపించింది. ఒక ముసలాయన తప్పిపోయిన ఎద్దును వెతుక్కుంటూ మంచులో కొండలన్నీ తిరుగుతాడు, కథంతా అంతే. చివర్లో ఇంటికొచ్చి పక్కింటామెతో, ఎద్దు ఇక రాదు, గంట మాత్రం దొరికిందంటాడు. ఆ అక్షరాలు చూడగానే అవ్వ మళ్లీ అన్నం మానేస్తుందేమోనని భయమేసింది. "ఎద్దు ముందే ఇల్లు చేరిపోయిందంట అవ్వా, కొట్టంలో గడ్డి తింటా ఉండాదంట" అనేశాను. ఆ సాయంత్రం దూది గంపెడు కూడా కాలేదు.

ఇక అవ్వ ఆగలేదు. కుళాయి దగ్గర చెప్పింది, సంతలో చెప్పింది, చుట్టాల పెళ్లిలో వడ్డన దగ్గర కూడా చెప్పింది. "కట్టాయం సూడాల్సిన పడం", తప్పక చూడాల్సిన సినిమా అని ఊరించి ఊరించి, తరువాతి ఆదివారానికి ముప్ఫైమందిని పోగుచేసింది. వాళ్లలో పొల్లాచ్చి నుంచి వచ్చిన మా మేనత్త కూడా ఉంది. ఆమె ఇంగ్లీషు టీచరు. ఆమెను గుమ్మంలో చూడగానే నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎద్దు ఇక రాదని ఆమె చదివేస్తే, నేను అబద్ధాలకోరునవుతాను, అంతమందిలో అవ్వ పరువూ పోతుంది.

"నేను చదువుతాను, చిన్నపిల్లకెందుకు శ్రమ" అని అత్త పీట దగ్గరికి రానే వచ్చింది. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "వొద్దు. నా మనవరాలు చదివితేనే నాకు కత." తరవాత నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో, "ఈ తూరి ఉండేది ఉండినట్టే చెప్పు కణ్ణూ" అంది.

అప్పుడు తెలిసింది నాకు. చేతులు ఆగినప్పుడు కళ్లు పైకి లేస్తాయి. ముసలాయన ఖాళీ గుంజకు గంట కట్టడం అవ్వ పోయిన వారమే చూసింది. అక్షరాలు రాకపోతేనేం, కట్టుగుంజ ఖాళీగా ఉంటే ఏమిటో ఆమెకు ఒకరు చదివి చెప్పాలా?

ఉన్నది ఉన్నట్టే చెప్పాను. చివరి మాట చెప్పేటప్పుడు నాకే ఏడుపొచ్చింది. నడవలో ముప్ఫై జతల చేతులు ఆగిపోయాయి, అత్తవి కూడా. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, అటక మీది కుండలోంచి సెవల మెడగంట తీసి అందరికీ చూపించింది. "ఎవురో, ఏ వూరో, ఆయన కూడా నా మాదిరే దాచిపెట్టుకున్యాడు సూడండి" అని నవ్వింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది. ఆమె నవ్వు చూశాక నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తరగలేదు.

ఇప్పుడు మా పల్లెలో పత్తి లేదు, చేలన్నీ ఇళ్ల స్థలాలయ్యాయి. అవ్వ లేదు, టేపులకు బూజు పట్టింది, మా ఇంటి తెలుగు మాట్లాడేవాళ్లు వీధికి ఇద్దరు మిగిలారు. మంచు ఎద్దు అసలు పేరు చిన్నాయనకు గుర్తులేదు. దాన్ని వెతుకుతూనే నేను ఏ దేశం సినిమా కనబడితే ఆ దేశం సినిమా చూశాను, అది దొరకలేదు గాని, దారిలో వందల సినిమాలు దొరికాయి. బాగున్నవి స్నేహితులకు చెబుతుంటాను. చివరికేమవుతుందని అడిగితే మాత్రం చెప్పను.

నిన్న ఆదివారం, కూజాలో మిగిలిన నాలుగు కాయలు మా అమ్మాయి ఒళ్లో పోసి, ఇద్దరికీ రాని భాషలో ఒక సినిమా పెట్టాను. ఎలాగూ పాడుచేశావు కదా అని సణుగుతూనే వలవసాగింది. అరగంట తరువాత ఓరకంట చూశాను. కాయ సగం వలిచి ఉంది, వేళ్లు కదలడం లేదు.

ఇవాళ పొద్దున్నే పదిమందికి ఫోను చేశాను.